వీధి మనది, తీగ వాళ్ళది

కొన్నేళ్ళ కిందట జనవరిలో ఒక సాయంత్రం మా ఊరి టౌన్ హాల్లో బహిరంగ విచారణ జరిగింది. కేబుల్ టీవీ కంపెనీకి ఊరు ఇచ్చిన లైసెన్సు గడువు దగ్గర పడుతోంది. దాన్ని ఇంకో పదేళ్ళకు పొడిగించాలా, పొడిగిస్తే ఏ షరతుల మీద అన్నది ఆ రోజు విషయం. హాల్లో పద్నాలుగు మందిమి ఉన్నాం. అందులో ముగ్గురు కంపెనీ తరఫువాళ్ళు, ఒకరు ఊరి తరఫు లాయరు. ఆడవాళ్ళం నలుగురం. బయట మంచు పడుతోంది, అందుకే ఎవరూ రాలేదు అన్నారు. అంతకుముందు వారం బడి బడ్జెట్ మీద మీటింగు పెడితే అదే హాల్లో నిలబడడానికి చోటు లేదు. ఆ రోజూ మంచు పడింది.

కేబుల్ అనగానే అదేదో తీగలకీ బిల్లులకీ సంబంధించిన సంగతి అనుకుంటాం. లాయర్లు, ఇంజనీర్లు చూసుకుంటార్లే అని ఊరుకుంటాం. ఊరి కేబుల్ సలహా సంఘంలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. రెండేళ్ళపాటు ఆ కాగితాలతో కుస్తీ పట్టాక నాకు తెలిసింది వేరు. ఊళ్ళో ఎవరి మాట నలుగురికీ వినబడుతుంది, ఎవరి మాట వాళ్ళ వంటింట్లోనే ఆగిపోతుంది అన్నది ఆ కాగితాల్లోనే తేలిపోతుంది. అందుకే ఈ విషయం మన పత్రికలో రాయాలనిపించింది.

నేను ఉంటున్నది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కి పడమటి వైపున ఉన్న ఒక చిన్న ఊళ్ళో. ఇక్కడ కేబుల్ కంపెనీ ఇంటింటికీ తీగ లాగాలంటే స్తంభాల మీదుగానో, రోడ్డు కిందుగానో తీసుకెళ్ళాలి. ఆ వీధి ప్రజల సొత్తు. ప్రజల సొత్తు వాడుకుని వ్యాపారం చేసేవాడు ప్రజలకు కొంత తిరిగి ఇవ్వాలి కదా. ఈ ఒప్పందాన్నే ఫ్రాంచైజీ అంటారు, మా రాష్ట్రంలో లైసెన్సు అంటారు. 1984లో వచ్చిన కేబుల్ చట్టం ప్రకారం ఊరు కంపెనీని ముఖ్యంగా మూడు అడగవచ్చు. మొదటిది అద్దెలాంటి ఫీజు. కేబుల్ టీవీ మీద కంపెనీకి ఆ ఊళ్ళో వచ్చే మొత్తం రాబడిలో ఇది 5 శాతం దాటకూడదు. రెండోది ప్రజలకీ, విద్యాసంస్థలకీ, స్థానిక ప్రభుత్వానికీ కేటాయించే చానెళ్ళు. మూడోది ఆ చానెళ్ళకి కావలసిన స్టూడియో, కెమెరాలు, ఇతర పరికరాలు.

ప్రజలకి కేటాయించిన చానెల్‌నే పబ్లిక్ యాక్సెస్ అంటారు. ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా వెళ్ళి కెమెరా పట్టడం, ఎడిటింగ్ చెయ్యడం నేర్చుకుని, తమ కార్యక్రమం తామే తయారుచేసి ప్రసారం చేసుకోవచ్చు. అశ్లీలం వంటి ఒకటి రెండు విషయాల్లో తప్ప, అందులో ఏముండాలో చెప్పే అధికారం కంపెనీకి లేదు. అది చట్టంలోనే ఉంది.

ఇదేదీ కంపెనీల దయవల్ల రాలేదు. 1971లో న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో ప్రజల చానెళ్ళు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే జార్జ్ స్టోనీ, రెడ్ బర్న్స్ అనే ఇద్దరు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆల్టర్నేట్ మీడియా సెంటర్ పెట్టి, మామూలు మనుషుల చేతికి వీడియో కెమెరాలు ఇచ్చారు. ఇద్దరిలో స్టోనీ పేరే ఎక్కువ వినబడుతుంది. రెడ్ బర్న్స్ స్త్రీ. 1970ల మధ్యలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో ముసలివాళ్ళు కేబుల్ ద్వారా ఒకరినొకరు చూసుకుంటూ, తమ సమస్యలు తామే చర్చించుకునే ప్రయోగం ఆమె నడిపించింది. 1972లో ఫెడరల్ ప్రసార సంస్థ పెద్ద పట్టణాల కేబుల్ కంపెనీలన్నీ ఇలాంటి చానెళ్ళు ఇచ్చి తీరాలని నియమం పెట్టింది. 1979లో సుప్రీంకోర్టు, అలా శాసించే అధికారం ఆ సంస్థకి లేదని చెప్పింది. తరవాత వచ్చిన 1984 చట్టం ఊళ్ళు ఈ చానెళ్ళు "అడగవచ్చు" అంది. అంటే అడిగిన ఊరికే ఉంటుంది. అడగని ఊరికి లేదు. ఎంత గట్టిగా అడిగితే అంత. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే, బేరంలో మనం ఎందుకుండాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మా సంగతి. ఇక్కడికి మన ఆడపిల్లలు చాలామంది హెచ్-4 వీసా మీద వస్తారు. అది భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా. 2015 దాకా దాని మీద ఏ ఉద్యోగమూ చెయ్యడానికి వీల్లేదు. ఆ సంవత్సరం నుంచి, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటినవాళ్ళకి మాత్రం అనుమతి దొరుకుతోంది. మా ఊళ్ళో బస్సు లేదు. కారు భర్త తీసుకెళ్తాడు. పొద్దున్నించీ సాయంత్రం దాకా నాలుగు గోడలు. ఒకరోజు లైబ్రరీలో ఒక అమ్మాయి నా మాట విని దగ్గరికొచ్చింది. "అక్కా, మీది తెలుగేనా? నేనొచ్చి ఏడు నెలలైంది. మా ఆయనతో కాక ఇంకొకరితో ఎదురెదురుగా తెలుగులో మాట్లాడ్డం ఇదే" అంది. ఆ అమ్మాయి పాస్‌పోర్టు తన దగ్గర లేదనీ, ఫోనులో ఎవరితో మాట్లాడిందో ప్రతి రాత్రీ లెక్క చెప్పాలనీ తరవాత్తరవాత తెలిసింది.

అప్పటికి యాక్సెస్ కేంద్రంలో ఒక గుజరాతీ ఆవిడా, ఇద్దరు బ్రెజిల్ ఆడవాళ్ళూ వంటల కార్యక్రమం చేస్తుండేవాళ్ళు. మేం నలుగురం తెలుగువాళ్ళం వాళ్ళతో చేరాం. నెలకి ఒక అరగంట. పేరుకి వంటల కార్యక్రమమే. వంట చేస్తూనే ఒకామె మాట్లాడుతుంది. మొగుడు కొడితే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, పోలీసులు వస్తే ఏం చెప్పాలి, తెలుగులో చెప్పే మనిషి కావాలని ఎలా అడగాలి, ఇంట్లో హింసకి గురైనవాళ్ళకి 2000 సంవత్సరపు చట్టంతో వచ్చిన యు వీసా ఏమిటి. వరసగా మూడు భాషల్లో. దాన్ని ఎంతమంది చూశారో నాకు తెలీదు. లెక్కపెట్టే యంత్రం మా దగ్గర లేదు. కానీ "మీ పప్పు పోపు మాడిపోయింది, ఆ రెండో నంబరు ఇంకోసారి చెప్పండి" అని కేంద్రానికి ఫోన్లు వచ్చేవి.

లైసెన్సు బేరం మొదలయ్యేసరికి ఇవన్నీ మాకు సాక్ష్యాలయ్యాయి. ఎందుకంటే చట్టం ప్రకారం ఊరు ఊరికే "మాకిది కావాలి" అంటే సరిపోదు. గడువుకి మూడేళ్ళ ముందు నుంచి దీనికొక పద్ధతి ఉంది. కంపెనీ పాత షరతులు పాటించిందా, సేవ సరిగ్గా చేసిందా, డబ్బూ సాంకేతిక స్తోమతా ఉన్నాయా, ఊరి ముందుముందు అవసరాలు తీర్చే ప్రతిపాదన పెట్టిందా అని చూడాలి. నాలుగోదే మన చేతికి దొరికే పిడి. ఊరి అవసరాలేమిటో ఊరే తేల్చి చెప్పాలి. అయితే ఆ అవసరాలు తీర్చడానికయ్యే ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే వాక్యంలో ఉంది. కంపెనీ లాయర్లు పట్టుకునేది ఆ చివరి ముక్కనే.

అవసరాలు తేల్చే పని మా సలహా సంఘం మీద పడింది. మొదట తయారైన ప్రశ్నల పత్రంలో బొమ్మ స్పష్టంగా వస్తోందా, బిల్లు సక్రమంగా వస్తోందా అన్నవే ఉన్నాయి. మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పగలు ఇంట్లో ఎవరుంటారు, స్టూడియోకి రావాలంటే మీకు అడ్డమేమిటి అన్న ప్రశ్నలు మేం పట్టుబట్టి చేర్చాం. చివరి ప్రశ్నకి ఆడవాళ్ళు రాసిన జవాబుల్లో రెండే మాటలు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. పిల్లల్ని ఎవరు చూస్తారు, ఎలా వస్తాం.

అక్కడే చట్టంలోని ఒక మెలిక మాకు అడ్డు తగిలింది. స్టూడియో కట్టడానికీ, కెమెరాలు కొనడానికీ ఇచ్చే డబ్బు ఆ 5 శాతం పరిమితిలోకి రాదు, దానికి అదనంగా అడగవచ్చు. జీతాలు, శిక్షణ, రోజువారీ నిర్వహణ ఖర్చులు మాత్రం 5 శాతంలోంచే రావాలి. చూడడానికి ఇది జమాఖర్చుల వివరం. ఆలోచిస్తే మనకు బాగా తెలిసిన కథే. యంత్రానికి విలువ ఉంది. ఆ యంత్రం దగ్గర భయపడుతూ నిలబడిన మనిషి పక్కన ఓపిగ్గా కూర్చుని నేర్పే మనిషికి విలువ లేదు. పక్క గదిలో పసివాణ్ణి ఎత్తుకుని ఆడించే మనిషికి అసలే లేదు. మా కేంద్రంలో నేర్పే పని చేస్తున్నది ఒక స్త్రీ, వారానికి ఇరవై గంటల జీతానికి. ఆమె నలభై గంటలు ఉండేది. చక్కటి కొత్త కెమెరాలు బీరువాలో ఉండి, వాటిని తీసి చేతికిచ్చే మనిషి లేకపోతే ఆ హక్కు ఎవరికి ఉన్నట్టు?

అయిదు శాతం అంటే ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ఊళ్ళో 5,000 ఇళ్ళు కేబుల్ తీసుకుని, ఇంటికి నెలకి 80 డాలర్లు కడుతున్నాయనుకోండి. కంపెనీకి ఏడాదికి 48 లక్షల డాలర్లు. అందులో 5 శాతం 2,40,000 డాలర్లు. మా రాష్ట్రంలో చాలా ఊళ్ళు ఈ సొమ్ములో పెద్ద భాగం యాక్సెస్ కేంద్రానికే ఇస్తాయి. దేశంలో ఎన్నో నగరాల్లో అది నేరుగా నగర ఖజానాలో కలిసి రోడ్లకీ పోలీసులకీ పోతుంది. కాబట్టి బేరం ఒక్క కంపెనీతోనే కాదు, మన సొంత పాలకులతో కూడా. వచ్చిన డబ్బు దేనికి వాడాలో ఒప్పందంలో రాయించకపోతే, వచ్చే ఏడాది ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తారు.

కంపెనీ వాదనలు రెండు. ఇదంతా చివరికి చందాదార్ల బిల్లు మీదే పడుతుంది అన్నది మొదటిది. అది నిజమే. బిల్లులో ఆ మొత్తాన్ని విడిగా చూపించే హక్కు కూడా చట్టం కంపెనీకి ఇచ్చింది. బిల్లులో మిగతా పెరుగుదలలకి మాత్రం అంత స్పష్టంగా కారణాలు కనబడవు. నెలకి నాలుగు డాలర్లు పెట్టి ఊరికొక గొంతు కొనుక్కోవడం దండగ అనుకునేవాళ్ళు ఉండవచ్చు. ఆ మాట ఊరు చెప్పాలి, కంపెనీ కాదు.

రెండో వాదన ఇంకా తెలివైనది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనుంది, యూట్యూబు ఉంది, ఇంకా ఈ చానెళ్ళెందుకు అంటారు. విచారణ రోజున దీనికి జవాబు చెప్పింది నేను కాదు, లైబ్రరీలో కలిసిన ఆ అమ్మాయి. అప్పటికి ఆమె వేరే ఇంట్లో ఉంటోంది. మైకు ముందు నిలబడి, తడుముకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. "నేను ఫోనులో ఏం చూశానో రాత్రి మా ఆయన చూసేవాడు. టీవీలో వంట చూస్తే ఏమీ అనేవాడు కాదు." అంతే చెప్పి కూర్చుంది. కంపెనీ తరఫు ముగ్గురిలో ఒకరు తలొంచుకుని కాగితాలు సర్దుకున్నారు. దానికి తోడు నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. యూట్యూబుతో మన ఊరికి ఏ ఒప్పందమూ లేదు. రేపు మన మాట తీసేస్తే వెళ్ళి అడగడానికి టౌన్ హాలూ లేదు, ఎన్నుకున్న మనిషీ లేడు.

చివరికి ఏం సాధించాం? నేర్పే మనిషి జీతం నిలిచింది. 5 శాతంలో ఊరి వాటా పోగా మిగిలినదంతా యాక్సెస్ కేంద్రానికే అని ఒప్పందంలో రాయించాం. మా కార్యక్రమాల పేర్లు తెర మీద వచ్చే పట్టికలో కనబడాలని అడిగాం, అది కొంతవరకు ఒప్పుకున్నారు. పిల్లల్ని చూసే గది రాలేదు. "అది కేబుల్‌కి సంబంధించిన అవసరం కాదు" అన్నారు. మా తరఫు లాయరు కూడా దాని మీద పట్టుబట్టలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. స్టూడియో తలుపు దాకా రాలేని మనిషికి స్టూడియో ఉన్నట్టేనా?

మాకు దక్కినపాటి బేరం చేసే అవకాశం కూడా చాలా ఊళ్ళకి లేకుండా పోయింది. 2005లో టెక్సాస్, 2006లో కాలిఫోర్నియా, ఆ తరవాత మరికొన్ని రాష్ట్రాలు, ఊరి చేతిలోని అధికారాన్ని తీసి రాష్ట్ర స్థాయికి మార్చాయి. కంపెనీలు ఊరూరా తిరిగి బేరమాడే శ్రమ తప్పింది. 2009 మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో కంపెనీ నడిపే ప్రజా స్టూడియోలు మూతపడ్డాయి. 2019లో ఫెడరల్ ప్రసార సంస్థ, కంపెనీలు వస్తురూపంలో ఇచ్చేవాటిలో చాలావాటి ఖరీదును కూడా 5 శాతంలోనే లెక్క కట్టవచ్చని చెప్పింది. ఊళ్ళు కోర్టుకెళ్ళాయి. 2021లో అప్పీలు కోర్టు ఆ సూత్రాన్ని చాలావరకు నిలబెట్టి, లెక్క మాత్రం బజారు ధర ప్రకారం కాకుండా కంపెనీకి నిజంగా అయ్యే అదనపు ఖర్చు ప్రకారం కట్టాలంది. అదొక్కటే ఊరట.

2019లోనే ఇంకో తీర్పు వచ్చింది. డీడీ హాలెక్ అనే ఆవిడ 1980ల నుంచి ఈ ఉద్యమంలో ఉన్న మనిషి, పేపర్ టైగర్ టెలివిజన్ స్థాపకురాలు. మన్‌హాటన్ ప్రజా చానెళ్ళు నడిపే సంస్థ ఈస్ట్ హార్లెమ్ వాసుల్ని పట్టించుకోవడం లేదని ఆమె, మరో సహచరుడు కలిసి 2012లో ఒక చిత్రం తీసి, ఆ సంస్థ చానెళ్ళలోనే ప్రసారం చేయించారు. తరవాత సంస్థ వాళ్ళిద్దర్నీ నిషేధించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ సంస్థ ప్రైవేటు సంస్థ, ప్రభుత్వం కాదు, కాబట్టి రాజ్యాంగం ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యం అక్కడ వర్తించదు అని 5-4 తేడాతో తీర్పు చెప్పారు. అప్పుడు కోర్టులో ఉన్న ముగ్గురు స్త్రీ న్యాయమూర్తులు, గిన్స్‌బర్గ్, సోటోమయోర్, కేగన్, ముగ్గురూ తీర్పుతో విభేదించారు. ఆ తీర్పు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. రాజ్యాంగంలో ఉందిలే అని నిశ్చింతగా ఉండకూడదు. ఎవర్ని ఏ కారణం మీద ఆపవచ్చు, ఆపితే ఎవరికి చెప్పుకోవాలి అన్నది ఒప్పందంలోనే, కేంద్రం నియమాల్లోనే రాయించుకోవాలి.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒప్పందం మీద సంతకాలైన రెండేళ్ళకి మా ఇంట్లో కేబుల్ టీవీ తీసేశాం. బిల్లు ఎక్కువైంది, పిల్లలు ఇంటర్నెట్‌లోనే చూస్తున్నారు. ఆ ఇంటర్నెట్ కూడా అదే తీగ మీద, అదే వీధిలోంచి వస్తోంది. కానీ ఊరికి వచ్చే 5 శాతం కేబుల్ టీవీ రాబడి మీదే, ఇంటర్నెట్ రాబడి మీద కాదు. నాలాంటివాళ్ళు తప్పుకున్నకొద్దీ కేంద్రం ఆదాయం తరుగుతోంది. ఇందాకటి లెక్కలో 5,000 ఇళ్ళు 3,000 అయితే 2,40,000 డాలర్లు 1,44,000 అవుతాయి. తీగ అదే, వీధి అదే, కంపెనీ లాభమూ ఎక్కడికీ పోలేదు. అద్దె మాత్రం పడిపోయింది. చట్టం మారితే తప్ప దీనికి దారి లేదు. ఆ చట్టం మార్చమని అడిగేవాళ్ళలో ఆడవాళ్ళ సంఘాలు ఎన్ని ఉన్నాయని వెతికితే నాకు సిగ్గేసింది.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనవచ్చు. మన దేశంలో 1995లో సుప్రీంకోర్టు, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. అదే ఏడాది కేబుల్ టీవీ చట్టం వచ్చింది. దాని కింద ఆపరేటరు పోస్టాఫీసులో రిజిస్టరు చేయించుకుని, దూరదర్శన్ చానెళ్ళు చూపిస్తే సరిపోయింది. మన వీధుల్లో తీగలు లాగుకున్నందుకు ఊరి ఆడవాళ్ళకి ఒక అరగంట ఇవ్వు అని ఆ చట్టం అడగలేదు. మనమూ అడగలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల దళిత స్త్రీలు మాత్రం అడిగారు. అక్షరం రానివాళ్ళు కెమెరా పట్టారు. రేడియో లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ, అప్పటిదాకా తమ మాటల్ని క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. వాళ్ళకి గదీ, నేర్పే మనుషులూ, ఓపికా ముందే ఉన్నాయి. లైసెన్సు తరవాత వచ్చింది. ఇక్కడ మాకు చట్టం ముందొచ్చింది, మిగతావి బేరమాడి తెచ్చుకోవాల్సి వచ్చింది. రెండిట్లో ఏది లేకపోయినా మాట బయటికి రాదు.

అందుచేత ఈ పత్రిక చదివే స్నేహితురాళ్ళకి, ముఖ్యంగా ఇక్కడ ఉంటున్నవాళ్ళకి ఒక విన్నపం. మీ ఊరి కేబుల్ లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో కనుక్కోండి. టౌన్ హాల్లో అడిగితే చెప్తారు, అది రహస్యం కాదు. గడువుకి మూడేళ్ళ ముందే సలహా సంఘంలో చోటు అడగండి. ప్రశ్నల పత్రం మీరే రాయండి. కెమెరాలతో పాటు నేర్పే మనిషి జీతం అడగండి. పిల్లల గది మళ్ళీ అడగండి, మేం తేలేకపోయాం, మీరైనా తెండి. విచారణ రోజున మంచు పడినా, వాన పడినా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మాయి ఎవరైనా మీ వీధిలో ఉంటే, కారులో చోటిచ్చి వెంట తీసుకెళ్ళండి.